కూలెంట్ మార్చిన ఉదయం

అట్టపెట్టె విప్పి నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ బండి కిందికి జరిగాను. ముక్కుకీ ఇనుముకీ మధ్య జానెడు జాగా. పద్దెనిమిదేళ్ళుగా ఈ బండి ఎక్కుతున్నాను, దిగుతున్నాను, దీని పొట్ట ఎలా ఉంటుందో చూడటం మాత్రం ఇదే మొదలు. ఎండిన బురద, నల్లటి జిడ్డు, ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతున్నాయో తెలియని గొట్టాలు, ఒక మూలన సాలీడు హాయిగా పెట్టుకున్న కాపురం. మేడ మీద పడగ్గది కిటికీలోంచి మా ఆయన గొంతు వస్తూనే ఉంది. కనబడిందా అని అడుగుతున్నారు. ఏది కనబడాలో చెప్పకుండా కనబడిందా అంటే ఏం చెప్పను, అన్నీ కనబడుతున్నాయి అన్నాను. రేడియేటరు అడుగున, కుడివైపు చివర, నీళ్ళు వదిలే తెల్లటి ప్లాస్టిక్ చెవి ఉంటుందట, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుందట. పెళ్ళయిన కొత్తలో కూడా ఈ మనిషి నోట సీతాకోకచిలుక అన్న మాట వినలేదు. కుడివైపంటే నాకు కుడివైపా, బండికి కుడివైపా అని అడిగాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, తను కూడా నాలాగే వెల్లకిలా పడుకున్నట్టు ఊహించుకుని, రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉంటారు. చూడక్కర్లేదు, నాకు తెలుసు.

మామూలుగా అయితే ఈ అట్ట మీద ఉండాల్సింది ఆయనే. ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. నలభై అంతస్తుల గొయ్యి మీద, లిఫ్టు నెత్తిన నిలబడి, చేత్తో ఇనప తాడు పట్టుకుని పని చేసిన మనిషి, ఒక్క గోరైనా చిట్లలేదు. మూడు వారాల కిందట వంటింట్లో బల్బు మార్చడానికని రెండడుగుల స్టూలెక్కి కిందపడి కుడికాలు విరగ్గొట్టుకున్నారు. బల్బు మాత్రం చేతిలో పదిలంగా ఉంది. కట్టు కట్టిన డాక్టరమ్మ మీరేం పని చేస్తారని అడిగితే ఈయన గోడ మీది పటం వైపు చూస్తూ ఊరుకున్నారు. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక చేతిలో ఉన్న కాగితాల్లోకి తల దించేసింది. ఆరు వారాలు మెట్లు దిగకూడదంది. అప్పటినుంచీ ఆ కిటికీయే ఆయన ఆఫీసు. వీధిలో ఎవరు ఎన్నింటికి వెళ్ళారో, ఎవరి సైకిలుకి గాలి తక్కువుందో అన్నీ అక్కడినుంచే చూసి చెబుతారు. బండి పని మాత్రం కిటికీలోంచి అవదు. ఈ బండి బానెట్టు ఆయన తప్ప ఇంకొకరు ఎత్తిన పాపాన పోలేదు. మేం కొనేనాటికే దానికి ఆరేళ్ళు, అమ్మాయి కంటే ఎక్కువ దీనికే జ్వరాలు వచ్చాయి, ప్రతిసారీ ఈయనే వైద్యుడు. అలాంటిది నిన్న సాయంత్రం టీ తాగుతూ ఉన్నట్టుండి, రేపు ఇంజన్ని చల్లబరిచే ఆ కూలెంట్ మార్చాలి, నువ్వే మార్చాలి అన్నారు. మెకానిక్కుని పిలుద్దామంటే వద్దన్నారు. కట్టు విప్పేదాకా ఆగుదామంటే అసలే వద్దన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, నువ్వు నేర్చుకోవాలి అన్నారు. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. నా మనసులో అప్పటికే ఒక దొంగ కూర్చుని ఉంది, ఆ దొంగ నన్ను ఎక్కువ ప్రశ్నలు వెయ్యనివ్వడం లేదు.

సరే, దొరికింది చెవి. సీతాకోకచిలుకే, కాకపోతే మట్టిలో స్నానం చేసినది. నిన్ననే ముందు చక్రాలు రెండిటినీ ఇనప దిమ్మల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి ఉంచాను. ఇంజను చల్లబడిందో లేదో చూడమని పొద్దున్నే రేడియేటరు మీద అరచెయ్యి పెట్టించారు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. రాత్రంతా కదలని బండి, చల్లగానే ఉంది. టబ్బు సరిగ్గా చెవి కిందికి జరిపి తిప్పాను. కదల్లేదు. ముప్పై ఏళ్ళుగా నేను తిప్పుతున్నవి గాజు కుళాయిలు. ఊళ్ళోకి వచ్చే నీళ్ళను పరీక్షించే ల్యాబు మాది. బొటనవేలితో అలా తాకితే చుక్క రాలాలి, రంగు మారిన చుక్క దగ్గర ఆపెయ్యాలి, ఒక్క చుక్క ఎక్కువైనా మళ్ళీ మొదటికి రావాలి. ఆ వేళ్ళతో ఈ మొండిఘటాన్ని బతిమాలాను, తర్వాత తిట్టాను. పాత గుడ్డ చుట్టి తిప్పితే కిర్రుమని కదిలింది. దారంలా సన్నగా ఒక ధార మొదలై నా మోచేతి మీదుగా చంకలోకి పోయింది. ఇప్పుడు వెళ్ళి పైమూత తియ్యి, లోపలికి గాలి పోతేగానీ నీళ్ళు దిగవు అని పైనుంచి ఆజ్ఞ. పాక్కుంటూ బయటికొచ్చి, మూత తీసి, మళ్ళీ పాక్కుంటూ లోపలికి. ఈసారి గడగడమని పడుతోంది. పచ్చగా రావాలి. మరిగి మరిగి గిన్నె అడుగున మిగిలిపోయిన టీలా వస్తోంది.

"ఏ రంగు?" అన్నారు కిటికీలోంచి.

"టీ రంగు."

"పాలు పోసిన టీనా, పొయ్యనిదా?"

"పొయ్యనిది."

"అమ్మయ్య. పాలు కలిసినట్టుంటే ఇంజను నూనె కలిసినట్టు. ఇది తుప్పే. తుప్పయితే భయం లేదు."

భయం లేదట. నాకు భయంగానే ఉంది, ఎందుకంటే ఈ టీ ఎక్కడ మరిగిందో నాకొక్కదానికే తెలుసు. బుధవారం మార్కెట్టు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయిందని చెప్పాను ఆయనతో. సిగ్నల్లోనా అన్నారు. అవునన్నాను. ఇంకేం అడగలేదు. బుధవారం నేను మార్కెట్టు ఛాయలకైనా పోలేదు. సెలవు పెట్టి, ఆఫీసుకి వెళ్ళినట్టే డబ్బా సర్దుకుని, కొండ మీదున్న జలాశయం దాకా వెళ్ళొచ్చాను. పోను నూట పది కిలోమీటర్లు, రాను నూట పది. అక్కడ మా శాఖ వాళ్ళు కొత్త ల్యాబు కట్టారు. దానికి అధికారిగా నన్ను రమ్మని తొమ్మిది రోజుల కిందట ఉత్తరమొచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే ఉండాలి, క్వార్టర్సు ఇస్తారు, శని ఆదివారాలు ఇంటికి రావచ్చు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండు లోపల అవునో కాదో చెప్పాలి. ఇప్పుడు తొమ్మిదీ నలభై. నేనేమో బండి కింద పడుకుని చంక తుడుచుకుంటున్నాను. ఆ ఉత్తరం సంగతి మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఎంత బాగుందో ఆ చోటు. రంగు వాసన ఇంకా పోలేదు. గాజు కుళాయిలకి చుట్టిన ప్లాస్టిక్ కాగితాలు ఇంకా విప్పలేదు, బల్లల మీద నా వేలిముద్ర పడితే అదే మొదటిది. కాపలా మనిషి తలుపు తీసి, మీరేనా రాబోయే మేడమ్ అన్నాడు. కాదనలేదు, అవుననలేదు, ఏదో దగ్గు వచ్చినట్టు దగ్గాను. పొడుగాటి కిటికీ, కిటికీ నిండా నీళ్ళు. ఇన్నేళ్ళూ నేను చూసింది సీసాల్లో వచ్చిన నీళ్ళే. అరలీటరు, పక్కన చీటీ, తేదీ, టైము, సంతకం. సీసా మీద చీటీ లేకుండా అంత నీరు ఒక్కసారిగా చూసేసరికి నవ్వొచ్చింది. నేల మీద కూర్చుని డబ్బా విప్పి రెండు రొట్టె ముక్కలు తిన్నాను. గదికి నాలుగువైపులా నడిచి, పరీక్షలు ఎక్కడ, వేడి పెట్టెలు ఎక్కడ, కొత్తగా చేరే పిల్లలు ఎక్కడ కూర్చుంటారు అని అన్నీ సర్దేశాను. తర్వాత వాళ్ళని సర్దే హక్కు నాకెక్కడిదని గుర్తొచ్చి గబగబా బయటపడ్డాను. బండి కాగింది మాత్రం అంతకుముందు, కొండ ఎక్కేటప్పుడే, ఆఖరి మలుపులో. కొంప మునిగిందనుకున్నాను. ఆయన వందసార్లు చెప్పినవి చెవిన పడి ఎక్కడో ఉండిపోయాయి కాబోలు, చేతులు వాటంతటవే చేశాయి. ఇంజను వేడిని లాగేసేలా హీటరు పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, మెల్లగా పక్కకి తీసి ఆపాను. వేడి మీద మూత ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో ఆయన అరచేతి మీద మచ్చ చెబుతుంది. గంటసేపు రాయి మీద కూర్చుని, చల్లబడ్డాక తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు దానికి పోశాను. ఆ గంటా ఎవరూ లేరు. భయపడాల్సింది పోయి పాట పాడుకున్నాను. యాభై మూడేళ్ళ మనిషిని, పొగలు కక్కే బండి పక్కన, చెప్పులు విప్పి.

చెప్పులంటే గుర్తొచ్చింది, ఎవరో నా చెప్పుల దగ్గర నిలబడ్డారు. తలకిందులుగా చూస్తే పాంటు అంచులు, అంచుల కుట్టు సూటిగా ఉంది, అంటే పక్కింటి టైలరు. బాబాయ్ గారు ఏరమ్మా అన్నాడు. మా ఆయన బానెట్టు ఎత్తితే వీధిలో ప్రతివాడూ వచ్చి బ్యాటరీ అయి ఉంటుంది, బెల్టు అయి ఉంటుందని సలహా చెప్పిపోతాడు. నేను బండి కింద ఉంటే మాత్రం బండికేమైందని ఒక్కరూ అడగరు, ఆయన ఏరని అడుగుతారు. పొద్దుటినుంచీ ఇతను మూడోవాడు. మేడ మీదున్నారు, కావాలంటే అక్కడికి వినబడేలా పిలవండి అన్నాను. పైనుంచి ఆయనే, అన్నీ అమ్మగారే చూసుకుంటున్నారు, నన్నడిగితే నాకేం తెలీదు అన్నారు. ఆ గొంతులో గర్వమో ఎగతాళో తేలేలోపల టైలరు, అమ్మగారూ పిల్లి అన్నాడు. తల తిప్పితే, ఎదురింటి బూడిదరంగు పిల్లి, టబ్బు అంచు మీద ముందుకాళ్ళు ఆనించి, మూతి చాపి ఉంది. ఈ నీళ్ళు తియ్యగా వాసన వేస్తాయి, పిల్లులకీ కుక్కలకీ మహా ఇష్టం, నాలుగు గుక్కలు తాగితే మూత్రపిండాలు పోతాయి. లేవబోయి నుదురు ఇనుముకి కొట్టుకున్నాను. చేతిలో ఉన్న జిడ్డు గుడ్డ విసిరితే అది పిల్లికి కాకుండా టైలరు పాంటుకి తగిలింది. పిల్లి మాత్రం నా కేకకి గోడెక్కి కూర్చుని, ఇంత గొడవెందుకన్నట్టు పంజా నాక్కుంటోంది. దాని మూతి తడవలేదని టైలరు చేత రెండుసార్లు చూయించాను. పాపం అతను పాంటు దులుపుకోకుండానే గోడ దగ్గరికి పోయి, పిల్లి మూతి కింద వంగి చూసి, పొడిగానే ఉందమ్మా అని సాక్ష్యం చెప్పి, టబ్బు మీద ఒక చెక్క పలక కప్పి వెళ్ళాడు. ధార పడేంత సందు మాత్రం వదిలాడు. కొలత తప్పలేదు, టైలరు గదా.

మళ్ళీ ఒంటరినయ్యాను. పలక కింద నీళ్ళ చప్పుడు లోతుగా, నూతిలో పడ్డట్టు వినబడుతోంది. నుదుటి మీద బొప్పి లేస్తోంది. ఇలాంటి ఉత్తరం ఇదివరకు కూడా ఒకటొచ్చింది, పద్నాలుగేళ్ళ కిందట. అప్పుడది వేరే ఊరు, కానీ పని ఇలాంటిదే. అమ్మాయికి పదేళ్ళు, అత్తగారు మంచం మీద, మా ఆయనకి వారానికి మూడు రోజులు బయట ఊళ్ళలో లిఫ్టులు. నేను ఆయన్ని అడగనేలేదు. అడిగితే వద్దంటారని నేనే అనేసుకుని, అన్నం తింటున్న ఆయన మొహం చూసి, ఆ మొహంలో వద్దు అన్న మాట నేనే చదివేసుకుని, మర్నాడు ఆఫీసులో కూర్చుని రాలేనని రాసిచ్చేశాను. నా తర్వాత చేరిన అమ్మాయి వెళ్ళింది. ఇవాళ ఆవిడే మా పై అధికారి, ఈ ఉత్తరం మీద సంతకం ఆవిడదే. రాసిచ్చింది నేను, కోపం మాత్రం ఆయన మీద. ఆ ఏడాదంతా ఇంట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను, తలుపులు గట్టిగా వేశాను, అడిగిందానికి ఊ అన్నాను. ఆయన అర్థంగాక, ఇంట్లో ఏదో పాడైంది, అందుకే ఈవిడ ఇలా ఉంది అనుకుని, వరసగా అన్నీ బాగుచేస్తూ పోయారు. వంటింటి కుళాయి బాగుచేశారు. గడియ బాగుచేశారు. కిర్రుమనే మంచం కోళ్ళకి రబ్బరు బిళ్ళలు వేశారు. అల్మరా తలుపు సరిచేశారు. ఆదివారాలు నూనె డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, ఒక్కొక్క తలుపూ తీసి వేసి, నా మొహం కేసి చూసేవారు. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఈ బండి కింద తలుచుకుంటే పొట్ట కదిలిపోయేలా నవ్వొస్తోంది. నవ్వితే పొట్ట ఇనుముకి తగులుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే చేతి జిడ్డు కంట్లో పడింది.

అప్పుడు వినబడింది చప్పుడు. ఇంట్లోంచి, దబ్ అని ఒకటి, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ దబ్. మెట్ల మీదినుంచి. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. మా మెట్లు పదిహేను. ఆ దబ్బులు ఒకే బరువుతో, తొందర లేకుండా వస్తున్నాయి, పడ్డ చప్పుడు కాదది. పదిహేనో దబ్బు తర్వాత ఒక మూలుగు, తర్వాత చంకకర్రల టకటక. ముప్పై ఏళ్ళు జనాన్ని మెట్లెక్కకుండా దిగకుండా కాపాడిన మనిషి పిర్రల మీద పదిహేను మెట్లు దిగి వచ్చారు. బండి పక్కకి వంటింటి స్టూలు వచ్చింది. అదే స్టూలు. దాని మీద ఆయన కూర్చున్నారు. నా వైపునుంచి కనబడేది ఒక మామూలు పాదం, ఒక తెల్లటి కట్టు, కట్టులోంచి తొంగిచూస్తున్న అయిదు వేళ్ళు. డాక్టరమ్మ ఏమందో గుర్తులేదా అన్నాను. మెట్లు ఎక్కద్దంది, దిగద్దంది, జారద్దనలేదు అన్నారు. ధార సన్నగిల్లిందా అని అడిగారు. చుక్కలు పడుతున్నాయన్నాను. చెవి బిగించి, మంచినీళ్ళు నింపి, మళ్ళీ వదలమన్నారు. నింపాను, వదిలాను. రెండోసారి పలచటి టీ. మూడోసారి నింపి, మళ్ళీ కిందికి దూరి వదిలాక, పైనుంచి మామూలు గొంతుతో, ఎండ గురించి మాట్లాడినట్టు అడిగారు.

"కొండ ఎక్కేటప్పుడు ఏ గేర్లో ఎక్కావు?"

చెవి మీదున్న నా వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. మూడో గేర్లో అన్నాను చివరికి. అదీ సంగతి, రెండులో ఎక్కాలి అన్నారు. ఆ తర్వాత ఆ కాలి వేళ్ళు అయిదూ ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి. ఎలా తెలిసిందో ఆయనే చెప్పారు. ప్రతి శుక్రవారం బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆయన నోటుబుక్కులో రాసుకుంటారు. మెట్లు దిగలేరు కాబట్టి మూడు వారాలుగా నేనే చూసి చదువుతున్నాను. నిన్న నేను చదివిన అంకెలోంచి క్రితం వారం అంకె తీసేస్తే మూడొందల పది వచ్చిందట. ఆఫీసుకి డెబ్బై, మార్కెట్టుకి ఎనిమిది, అదీ ఇదీ కలిపి ఇంకో పది. మిగిలిన రెండొందల పైచిలుకు ఎటు పోయాయని కూర్చుని ఆలోచించారట. సిగ్నల్లో ఆగినందుకు ఈ బండి కాగదు, ఇది ఎక్కి ఉండాలి. పోను రాను అంత దూరంలో ఎక్కడానికి ఉన్నది ఒకే ఒక్క కొండ, ఆ కొండ మీద కొత్త ల్యాబు కట్టారని నెల కిందట పేపర్లో ఆయనే నాకు చదివి వినిపించారు.

నాకు మొదట వచ్చిన ఆలోచన, ఆ అంకె ఎందుకు ఉన్నదున్నట్టు చదివానని. ఒక వంద తగ్గించి చదివితే ఎవరికి తెలుస్తుంది. కానీ ముప్పై ఏళ్ళలో కళ్ళ ముందున్న అంకె ఒకటి, నోటితో చదివింది ఇంకొకటి అయిన రోజు లేదు. సిగ్నల్ అని అబద్ధం చెప్పగలిగాను, అంకె దగ్గర మాత్రం నోరు తిరగలేదు. బయటికి రాబోయాను. అక్కడే ఉండి చెప్పు, నీళ్ళు పూర్తిగా దిగలేదుగా అన్నారు. నిజానికి చుక్కలు కూడా ఆగిపోయాయి. ఆయనకీ నా మొహం చూడకుండా వినడమే తేలికనిపించిందేమో. అలా పడుకునే చెప్పాను. ఉత్తరం, తొమ్మిది రోజులు, పన్నెండింటి గడువు, నేల మీద కూర్చుని రొట్టె తినడం, అన్నీ. అవి అయిపోయాక పద్నాలుగేళ్ళ నాటిది కూడా వచ్చేసింది, చెప్పాలని అనుకోలేదు. రాసిచ్చేసింది నేనే, మీకు చెప్పింది లేదు, ఆ ఏడాదంతా మీ మీద పళ్ళు నూరింది నేనే అన్నాను. ఆ ఏడాది మంచానికి రబ్బరు బిళ్ళలు వేశానా అని అడిగారు. వేశారన్నాను. అల్మరా కూడానా అన్నారు. అల్మరా కూడా అన్నాను.

"అప్పుడు నన్నడిగి ఉంటే పొమ్మనేవాణ్ణి కాదేమో" అన్నారు. "నిజం చెప్పాలంటే అనేవాణ్ణి కాదు. అమ్మ అలా ఉంది, పిల్ల చిన్నది. కానీ అడిగితే బావుండేది. కనీసం తిట్టించుకున్నది దేనికో తెలిసేది."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఇప్పుడు అడగడానికేముంది. వారం వారం ఆ కొండెక్కాల్సిన బండి అని తెలిసే గదా, నిన్న నీ చేత దిమ్మలెక్కించింది. అక్కడ కాగితే కిటికీలోంచి చెప్పడానికి నేనుండను."

కళ్ళలో పడిన జిడ్డు వంకన కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. మీరొక్కరూ ఎలా ఉంటారు, వంట రాదుగా అన్నాను. రాదు అని ఒప్పుకున్నారు. రేడియేటరు చెవి ఎటుంటుందో నీకు నిన్నటిదాకా తెలుసా అన్నారు. కట్టు విప్పడానికి మూడు వారాలుంది, కొత్త పని మొదలయ్యేది నెలాఖరుకి, ఈ లోపల ఉడకబెట్టేవి నాలుగు, వేయించేవి నాలుగు నేర్చుకుంటానన్నారు. స్టూలు మీద కూర్చునే చేస్తాను, ఎక్కను అన్నారు. ఆ తర్వాత, నాతో ఒక మాట చెప్పి వెళ్ళాల్సింది అన్నారు. ఈ మాట మాత్రం వేరే గొంతుతో వచ్చింది, కొంచెం నొచ్చుకున్న గొంతు. తప్పే అన్నాను. చెయ్యి చాచి, అందుతున్న ఆ కాలి బొటనవేలు పట్టుకుని ఊపాను. వేలు నల్లగా జిడ్డయింది. చక్కిలిగింతలు, వదులు అన్నారు.

చెవి బిగించి బయటికి వచ్చేసరికి ఎండ కళ్ళలో పడింది. నా బొప్పి, నా మసి మొహం చూసి ఆయన నవ్వలేదు, నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో మాత్రం దాచలేకపోయారు. కొత్త కూలెంట్ సగం, శుద్ధి చేసిన నీళ్ళు సగం కలిపి గరాటులోంచి పోశాను. ఆ పచ్చరంగు కంటికి హాయిగా ఉంది. పాతది మొత్తం మూడు డబ్బాల్లోకి ఎత్తి, మూతలు బిగించి, గ్యారేజీలో ఇవ్వడానికి పక్కన పెట్టాను. వీధి కాలవలో పారబొయ్యమని టైలరు గోడ మీంచి సలహా ఇచ్చాడు. ఆ కాలవ నీళ్ళు ఎక్కడికి పోయి ఎవరి గ్లాసులోకి వస్తాయో ఈ వీధిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఆ పాఠం అతనికి నిలబెట్టి చెప్పాను, పాంటు సంగతి కూడా క్షమించమన్నాను. మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేశాను. రేడియేటరు నోట్లో బుడగలు మొదలయ్యాయి. మట్టం జర్రున దిగింది, మళ్ళీ పోశాను. పై గొట్టాన్ని మెల్లగా పిసకమన్నారు, పిసికితే ఇంకో నాలుగు పెద్ద బుడగలు. ఇద్దరం ఆ నోట్లోకి తలలు వంచి చూస్తున్నాం, పాలు పొంగకుండా కాపలా కాస్తున్నట్టు. ఒక బుడగ, ఇక రాదనుకుంటే ఇంకొకటి. ఫ్యాను తిరగడం మొదలయ్యాక బుడగలు ఆగిపోయాయి. ఇప్పుడు పెట్టు మూత అన్నారు. పెట్టాను. రెండోసారి కూడా గట్టిగా తిప్పి చూశాను. చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీసి, ఆ ఉత్తరం మీద సంతకం చేసిన మేడమ్‌కి చేశాను, పదకొండూ ఇరవై. వస్తున్నానండీ అన్నాను. ఈసారి వస్తారనే మీ గదికి నీళ్ళు కనబడేలా పొడుగాటి కిటికీ పెట్టించాను అంది ఆవిడ. అది మర్యాదకన్న మాటో, నిజమో, అడగలేదు. రెండూ కావచ్చు.

బండి ఒకసారి తిప్పి చూడాలి, వేడి నిలబడుతోందో లేదో. ఎలాగూ కిందికి దిగారు కాబట్టి ఆయన కూడా ఎక్కుతానన్నారు. ముందు సీట్లో కట్టు కాలు పట్టలేదు. వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టి, వీపుకి దిండు పెట్టి, కాలు సీటు పొడుగునా చాపించాను. ఈ బండిలో ఆయన వెనక సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారట, ఇక్కడ ఇంత చోటుందా అని ఆశ్చర్యపోయారు. నేను నడిపినప్పుడల్లా పక్కన కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, ఎదురొచ్చే ప్రతి లారీనీ చూసి నా పేరు పెట్టి అరిచే మనిషి. మొదటి వీధిలో ముల్లు ఎక్కడుంది అని అడిగారు. సగానికి కొంచెం కింద అన్నాను. వంతెన ఎక్కుతుంటే మళ్ళీ అడిగారు. సగం దగ్గరే, రెండో గేర్లోనే ఉన్నాను అన్నాను. ఊ అన్నారు. రైలు గేటు దాటాక అడగలేదు. బస్సొకటి అడ్డంగా వచ్చి ఆగింది, నేను సడెన్‌గా బ్రేకు వేశాను, వెనకనుంచి ఒక్క మాట రాలేదు. నాకు అనుమానమొచ్చి అద్దంలో చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, తల దిండు మీద వాలిపోయి, నిద్ర. నా చేతిలో బండి ఉండగా ఈయన కునుకు తీయడం ఇరవై ఏడేళ్ళలో ఎరగను. మా ఇంటి మలుపు వచ్చింది. అక్కడ స్పీడు బ్రేకరు ఉంది, ఎంత మెల్లగా పోయినా కుదుపుతుంది. ఇండికేటరు తీసేసి, తిన్నగా ముందుకి పోనిచ్చాను.